గంగాధర్ సార్‌కు తెలిసినంతవరకు

మొన్న బ్యాంకులో నిలబడి ఉండగా బయట వాన మొదలైంది. తడిసిన దుమ్ము వాసన తలుపులోంచి లోపలికి వచ్చింది. అద్దం వెనక ఉన్న కుర్రాడు నా కాగితాలు తిరగేసి, మరాఠీలో మొదలుపెట్టి ఇంగ్లీషులో ముగించాడు: “యాజ్ ఫార్ యాజ్ ఐ నో, మీ పని అయిపోయినట్టే మేడమ్.” “నీకు తెలిసిందెంత బాబూ?” అని అడిగాను. అతను తెల్లముఖం వేశాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నేనేమీ వెటకారానికి అడగలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాను. ఆ మాటకు ‘నాకు తెలిసినంతవరకు’ అని అర్థం చెప్పడం ఎవరికైనా వచ్చు. కానీ అది విన్నప్పుడల్లా ఎదుటి మనిషికి తెలుసో, తెలియదో, తెలిసీ తప్పించుకుంటున్నాడో నాకు అంతుపట్టదు. మొబైల్ కంపెనీ అమ్మాయి అంటుంది, డాక్టరు అంటాడు, మా పక్కింటి ఇంజనీరు కుర్రాడు కరెంటు ఎప్పుడొస్తుందని అడిగినా అంటాడు. ఈ తికమక నాకు అంటించి పోయిన మనిషి గంగాధర్ సార్.

మహారాష్ట్రలోని గడ్‌చాందూర్‌లో సిమెంటు లారీలు నడిపే ఒక చిన్న ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు ఆయన మేనేజరు. చదువయ్యాక నా మొదటి ఉద్యోగం అక్కడే. ఫోన్లు ఎత్తడం, ఏ బండి ఎక్కడుందో కనుక్కోవడం నా పని. మాది చంద్రపూర్‌లో, తుకుం అనే పేటలో కిరాణా దుకాణం. మా నాన్న కొనవచ్చిన ఏ గిరాకీకీ లేదని చెప్పి ఎరగడు. సరుకు ఉంటే ‘ఉన్నది’, లేకపోతే ‘రేపొస్తది’. అలాంటి ఇంట్లో పెరిగిన నాకు సార్ మాటతీరు కొరుకుడు పడలేదు. బండి బయల్దేరిందా అంటే “నాకు తెల్సినకాడికి ఎల్లింది” అనేవారు. మధ్యాహ్నం డబ్బాలో ఏం కూర సార్ అని అడిగితే, మూత తీసేదాకా “నాకు తెల్సినకాడికి వంకాయ” అనేవారు. తీశాక నిజంగా వంకాయే అయినా ఒకసారి వేలితో కదిపి చూసుకునేవారు. నాకు ఒళ్ళు మండేది.

నాగపూర్‌లోని పెద్దాఫీసు నుంచి ఫోను వస్తే ఆయన నిటారుగా కూర్చునేవారు. ఆయన ఇంగ్లీషులో సగం ఆ ఒక్క ముక్కే. ఒకసారి లోడు మీద కప్పే తాడుపత్రి సరిగ్గా కట్టక బస్తాలు తడిసిపోయాయి. కట్టనివాళ్ళను పొద్దున ఆయనే నోరారా తిట్టారు. పెద్దాఫీసువాళ్ళు మన తప్పేమైనా ఉందా అని అడిగితే, “నాట్ యాజ్ ఫార్ యాజ్ ఐ నో, సర్” అన్నారు. ఫోను పెట్టాక అడిగాను: “మీకు తెలుసు కద సార్?”

“ఫోన్ల అంతే తెల్సు,” అని నవ్వేశారు.

ఈయన గోడ మీద పిల్లి అని నేను ఆ రోజే తీర్మానించుకున్నాను. ఆ తీర్మానం ఆ వానాకాలం దాకా నిలిచింది.

ఆ ఏడు వానలు బాగా పట్టాయి. రాజురా దాటాక వర్ధా నది వంతెన దగ్గర నీళ్ళు పెరుగుతున్నాయని అందరూ అనుకుంటున్న రోజు, మా డ్రైవర్ పోశెట్టి సిమెంటు లోడుతో చంద్రపూర్‌కు బయల్దేరాడు. మధ్యాహ్నానికి అతని ఫోను పలకడం మానేసింది. కాసేపటికి అతని భార్య రాజవ్వ కోర్పనా వైపు ఊరి నుంచి బస్సెక్కి వచ్చింది. సిమెంటు లారీ ఒకటి నీళ్ళలో కొట్టుకుపోయిందని ఊళ్ళో ఎవరో చెప్పారట. ఆమె తడి కాళ్ళతో గడపలోనే నిలబడి, “మా ఆయన ఏడున్నడు చెల్లె?” అంది. నా మనసు ఊరుకోలేదు.

“ఏం గాలె అక్కా, మంచిగున్నడు. వస్తడు,” అన్నాను.

లోపలి నుంచి సార్ బయటికి వచ్చారు. “నువ్వు చూసినవా సుజాతా?” అని అడిగారు. లేదన్నాను. ఆయన స్టూలు లాక్కుని రాజవ్వ ముందు కూర్చున్నారు. “చూడమ్మా, నాకు తెల్సినకాడికి పోశెట్టి పొద్దుగాల రాజురాల చాయ్ తాగిండు. చాయ్ హోటలాయన ఫోన్ల చెప్పిండు. అటెన్క ఎటు పోయిండో నాకు తెల్వది. ఇద్దర్ని మోటర్‌సైకిల్ మీద తోలిచ్చిన, ఎతుకుతున్నరు.”

“తెల్సినకాడికి అంటే ఏంది సారూ? ఉన్నడా, లేడా? గది చెప్పు!” ఆమె గోడకు ఆనుకుని కూలబడి ఏడ్చింది. నాకు సార్ మీద అసహ్యం వేసింది. ఒక్క మంచి మాట అంటే ఈ మనిషి సొమ్మేం పోయింది?

సరిగ్గా అప్పుడే నాగపూర్ ఫోను మోగింది. డ్రైవర్ క్షేమమేనా అని అడిగినట్టున్నారు. ఏడుస్తున్న ఆమె ఎదుటే ఆయన నున్నటి గొంతుతో, “యాజ్ ఫార్ యాజ్ ఐ నో, సర్” అన్నారు. అవతలివాళ్ళు తృప్తిగా పెట్టేశారు. నా బుర్ర పనిచేయడం మానేసింది. అదే మాట. రాజవ్వ దగ్గర దానికి ‘నాకు తెలియదు’ అని అర్థం, నాగపూర్ దగ్గర ‘క్షేమమే’ అని అర్థం. ఇందులో ఏది అబద్ధం?

ఆయన బయట రేకుల చూరు కింద నిలబడి ఉంటే వెనకే వెళ్ళి అడిగేశాను. “ఆమెకు ధైర్యం చెప్పలేరు గని వాళ్ళకు చెప్తరా సార్?”

ఆయన చూరు నీళ్ళ కింద చెయ్యి పట్టి కడుక్కున్నారు. తర్వాత అన్నారు: “పొద్దుగాల పోశెట్టి అడిగిండు, రోడ్డు చాలూ ఉన్నదా, బండ్లు పోతున్నయా సార్ అని. నాకు తెల్సినకాడికి చాలూనే ఉందన్న. నాకు తెల్సింది నిన్నటి సంగతి. నిన్నటిదని చెప్పలె. ఆయన ముందటి మాట ఇడిసిపెట్టిండు, ఎన్కది పట్టుకొని ఎల్లిండు.”

“మీరు కావాలని చెప్పలేదా, మరిచిండ్రా?”

“లోడు ఎల్లాలని ఉండె. మరిచిన్నో, మరిచినట్టు చేసిన్నో... అదే సమజైతలేదు సుజాతా.”

ఆయన కళ్ళు తుడుచుకోవడం అప్పుడే చూశాను. నా అసహ్యం ఎటు పోయిందో తెలియదు. సాయంత్రం బస్సులు బందయ్యాయి. రాజవ్వను సార్ తన ఇంటికి తీసుకెళ్ళారు. రాత్రంతా ఆమె తిడుతూనే ఉందని, సార్ ఎదురుగా కూర్చుని పడుతూనే ఉన్నారని ఆయన భార్య తర్వాత చెప్పింది.

మర్నాడు పొద్దున పోశెట్టి బురద కాళ్ళతో ఆఫీసుకు వచ్చాడు. నీళ్ళు చూసి భయపడి బండి వెనక్కి తిప్పి, రోడ్డు పక్క ఊరి బడిలో తలదాచుకున్నాడట. ఫోను వానకు తడిసి పాడైందట. సార్ వెంట అప్పుడే వచ్చిన రాజవ్వ మొగుణ్ణి రెండు దెబ్బలు వేసి, ఏడ్చి, నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. “నీ నోట్లె చక్కెర వొయ్య చెల్లె! మంచిగున్నడని నువ్వొక్కదానివే చెప్పినవ్.” సార్ పక్కనే నిలబడి ఉన్నారు. ఆయన ఇంట్లో తిని, ఆయన ఇంట్లో పడుకున్న మనిషి ఆయన వైపు చూడకుండానే వెళ్ళిపోయింది. ఏమీ తెలియకుండా వాగిన నాకు దీవెన దక్కింది. సిగ్గుతో చచ్చిపోయాను. కానీ ఆ చేతుల వెచ్చదనం బాగుంది, అదీ నిజమే.

“ఇంకోపారి అయితే మీరు కూడా మంచిగున్నడనే చెప్తరా సార్?” అని అడిగాను ఆ సాయంత్రం. ఆయన ఆలోచించారు. “తెల్వది,” అన్నారు. అంతే, ముందూ వెనకా ఏమీ లేదు.

గంగాధర్ సార్ పోయి చాలా కాలమైంది. నేనిప్పుడు చంద్రపూర్‌లో ఇంకో ట్రాన్స్‌పోర్టులో మేనేజరును. డ్రైవర్లు రోడ్డు గురించి అడిగితే, నాకు తెలిసింది ఎప్పటిదో, ఎవరు చెప్పిందో మొదట చెబుతాను. దీని పెద్దాఫీసూ నాగపూర్‌లోనే, వాళ్ళకూ అంతే. వాళ్ళకు నచ్చదు. ఇంతవరకు తికమక లేదు. తికమకంతా ఇళ్ళ నుంచి ఆడవాళ్ళు ఫోను చేసినప్పుడే. పోయిన వానాకాలంలో ఒకామె చేసింది. వాళ్ళాయన బండి చివరిసారి ఏ ఊళ్ళో కనిపించిందో చెప్పాను. తర్వాత నాకు తెల్వది అన్నాను. అవతల ఏడుపు మొదలైంది. మంచిగున్నడు అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. అనలేదు. అనకపోవడం మంచిదో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు. “నువ్వూ ఒక మనిషివేనా?” అందామె. అతని ఆచూకీ తెలిసేదాకా ఆ తిట్లు వింటూ ఫోను చెవికే పెట్టుకుని కూర్చున్నాను.