భాస్కర్ గారిని తీసేసి నేను కూర్చున్న ఆదివారం

తెలివితక్కువ పని అందరూ చేస్తారు. నేను దానికి పట్టిక గీసి, రంగులు కూడా వేశాను. ఆ ఘనకార్యం ఎక్కడిదాకా పోయిందో చెబుతాను, తీరిగ్గా నవ్వుకోండి.

కేంబ్రిడ్జ్‌లో మా తెలుగువాళ్ళ బేస్‌బాల్ జట్టుకు ఆటగాళ్ళను ఎంచే పని నాది. అందరం క్రికెట్ తిని పెరిగినవాళ్ళం. బ్యాటు ఝళిపించినవాడే మొనగాడు, మిగతావాళ్ళు గడ్డి మీద నీడలు. గెలిస్తే ఫైనల్‌కు వెళ్ళే ఆట ముందర, నా బ్యాటింగ్ లెక్కల పట్టికలో అట్టడుగున తేలిన పేరు భాస్కర్ గారిది. వేర్‌హౌస్‌లో పనిచేసే యాభై ఏళ్ళ మనిషి. మా క్యాచర్, అంటే బ్యాటర్ వెనుక గొంతుక్కూర్చుని బంతి పట్టే ఆసామి. ఆయన బ్యాటు ఊపితే దోమల్ని తోలుతున్నట్టుండేది. ఆయన్ను తీసేసి, క్యాచర్ మొహానికి పెట్టుకునే ఊచల ముసుగు నేనే తగిలించుకున్నాను.

"మంచిదేలే కిరణ్. నా మోకాళ్ళు నీకు దండం పెడుతున్నాయి" అని ఆయన మేపుల్ చెట్టు నీడలోకి వెళ్ళి కూర్చున్నారు.

ముసుగులోంచి లోకం కిటికీ ఊచల అవతలి మధ్యాహ్నంలా మెత్తగా కనిపించింది. తేలిపోయే మబ్బులు, కోసిన గడ్డి వాసన, ఎక్కడో ఐస్‌క్రీమ్ బండి పాట. బంతి కూడా కలలో వచ్చినట్టే వచ్చి, కలలాగే నన్ను దాటి వెళ్ళిపోయింది. నేను కంచెదాకా వెళ్ళి వెతికి తెచ్చేసరికి, అవతలి జట్టువాళ్ళు పరుగు కోసం తాకాల్సిన ఒక బేస్ నుంచి మరో బేస్‌కు సాయంత్రం షికారులా సాగిపోతున్నారు. ఇలా నాలుగుసార్లు.

బంతి విసిరే నవీన్ చివరికి నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, అంకుల్ కూసుంటే కండ్లు మూసుకొని ఏసేటోణ్ణి. నిన్ను చూస్తుంటే చెయ్యి లేస్తలేదు."

మా లీగులో మధ్యలో ఆటగాణ్ణి మార్చుకోవచ్చు. వెళ్ళి ముసుగు భాస్కర్ గారి ఒళ్ళో పెట్టాను.

ఆయన కూర్చోగానే మైదానం నిద్రలేచింది. ఆయన వేలు కదిపితే మూడో బేస్ దగ్గరి మా మనిషి రెండడుగులు జరిగాడు. అవతలివాడు కొట్టిన బంతి, ముందే మాట్లాడుకున్నట్టు, వచ్చి అతని చేతుల్లో వాలింది. ఆ పూట భాస్కర్ గారి బ్యాటుకు ఒక్క బంతీ తగల్లేదు. అయినా ఒక్క పరుగు తేడాతో గెలిచాం.

"అక్కడికే వస్తుందని ఎలా తెలిసిందండీ?" అని అడిగాను.

"ఆ బ్యాటర్ కాలు అటే పెడుతున్నాడు కదయ్యా. నువ్వు చూళ్ళేదా?"

నేను చూసింది ఫోన్‌లో పట్టికని.

ఆ తర్వాత, తలో వంటకం తెచ్చుకుని కలిసి తినే ప్రతి పాట్‌లక్‌లోనూ ఆయన నా క్యాచింగ్‌ను అభినయించి చూపించారు. నవ్వనివాళ్ళు లేరు, మా ఆవిడతో సహా. ఇక ఈ జన్మలో బ్యాటు లెక్కలతో మనిషిని తూచనని అందరి ముందూ ప్రమాణం చేశాను. ఆట చూడటం తెలిసినవాడే జట్టును ఎంచాలని ప్రకటించి, ఆ పదవిని చప్పట్ల మధ్య భాస్కర్ గారికే అంటగట్టాను.

ఇప్పుడు చోటు దక్కనివాళ్ళ ఫోన్లన్నీ ఆయనకే. మొదటి వారమే ఆయన తీసేయాల్సి వచ్చింది సొంత బావమరిదిని. మొన్న పాట్‌లక్‌లో వాళ్ళావిడ అటు తిరిగి కూర్చుంటే, పాపం, ఖాళీ పళ్ళెంతో ఒంటరిగా నిలబడ్డారు. నేనే వెళ్ళి, ఎంతో గౌరవంగా, పెరుగన్నం వడ్డించాను.