పెదవికి నున్న, పంటికి గరుకు

మా ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కేవాళ్ళకు కొదవ లేదు. వాళ్ళలో వరదయ్యది ఒక వింత అలవాటు. గరిటె పూర్తయ్యాక కళ్ళు మూసుకుని, దాని అంచును కింది పెదవి లోపలికి ఆనించి, మెల్లగా ఇటు నుంచి అటు లాగేవాడు. పిసరంత తగిలినా మళ్ళీ ఆకురాయి అందుకుని రుద్దేవాడు.

"చెయ్యి అబద్ధం చెప్తాదక్కా, కాయలు కాసిన చెయ్యి గదా. పెదవి చెప్పదు" అనేవాడు నాతో.

మా ఇల్లు ఆయన పంచకు ఎదురుగానే. చింతపండులో గింజ తీసే పని ఉన్నా, లేకున్నా, రోజూ ఆ పంచలో కాసేపు కూర్చుంటే గానీ నాకు తోచేది కాదు. ఆకురాయి కింద రాలిన పొట్టు ఎండలోకి లేచి, ఎటు పోవాలో తెలియనట్టు గాలిలోనే నిలబడేది. చూస్తూ చూస్తూ నేను ఎక్కడున్నానో మరిచిపోయేదాన్ని. కొండ మీది మబ్బు ఒక తునక మా వీధిలోకి దిగి కూర్చుందేమో అనిపించేది.

కొత్త కొయ్య వస్తే వరదయ్య ముందు పళ్ళతో కొరికి రుచి చూసేవాడు. చేదు కొయ్య గరిటెతో కలిపితే చారు కూడా చేదెక్కుతుందట. పంతొమ్మిది వందల తొంభై ఆరులో ఆ ముందు పళ్ళు నాలుగూ ఒకదాని వెంట ఒకటి ఊడిపోయాయి. దాంతో ఆయనకు తన మీద తనకే నమ్మకం పోయింది. కొయ్య చెక్కే బాడిశను గోడకు ఆనించి, వీధి వైపు చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టాడు.

అప్పుడు వచ్చింది కుందేలు. వరదయ్య భార్య రెబెకమ్మకు హెన్రీ అని తమ్ముడు. ఆత్మకూరులో గుమాస్తాగా చేసేవాడు. బదిలీ మీద పోతూ, తాను పెంచుకున్న తెల్ల కుందేలును బుట్టలో తెచ్చి అక్కకు అప్పగించాడు. అది పంచలోకి దూకి పొట్టులో కూర్చుంటే ఏది పొట్టో, ఏది కుందేలో తెలియలేదు.

"ఎడారిలో రాలిన మన్నా మాదిరిగా ఉండాదే" అంది రెబెకమ్మ. బైబిల్లో దేవుడు ఆకాశం నుంచి కురిపించిన తెల్లటి ఆహారమట మన్నా. అదే దాని పేరయింది.

మన్నా వచ్చాక వరదయ్య ముఖం మారింది. ఆయన చుట్ట తాగుతుంటే అది కాళ్ళ దగ్గర చెవులు వాల్చుకుని పడుకునేది. ఇద్దరూ ఒకే కలలో ఉన్నట్టుండేవారు.

మూడు నెలలు గడిచాయి. ఒక రోజు మన్నా తిండి మానేసింది. గడ్డం తడిసి ఉంది. మరుసటి రోజూ తినలేదు. నేను ఊరుకుంటానా? ఒడిలో పెట్టుకుని పెదవి ఎత్తి చూశాను. కింది పళ్ళు కొడవలిలా వంకరపోయి పైకి పెరిగి ఉన్నాయి. నోరు మూసుకోవడానికే దారి లేదు.

వరదయ్య చూసి, తన బోసి చిగుళ్ళు తడుముకున్నాడు.

"నాకు పోయినయ్యన్నీ దీనికి మొలిచినట్టుండాయే అక్కా" అన్నాడు. నవ్వుదామనే అన్నాడు గానీ, ఆ వెంటనే బుట్ట కోసం లేచాడు.

రెబెకమ్మతో కలిసి ముగ్గురం ఆత్మకూరు బస్సెక్కాం. కండక్టరు బుట్ట మీది గుడ్డ చూసి, "ఏందవ్వా అందులో?" అన్నాడు.

"చెవులపిల్లి నాయనా."

"అరిచిందంటే దించేస్తా!"

"అది అరిచే రకం గాదులే. ఆ పని నాది" అన్నాను. బస్సంతా నవ్వింది. వరదయ్య ఒక్కడే నవ్వలేదు. దారి పొడవునా గుడ్డ కింద వేలు పెట్టి, దాని ఊపిరి చూసుకుంటూనే ఉన్నాడు.

పశువుల డాక్టరు దాని నోరు చూసి, "ఏం పెడతన్నారు?" అని అడిగాడు.

"పాలన్నం సార్, మెత్తంగా పిసికి పెడతా" అంది రెబెకమ్మ.

"కుందేలుకు పాలన్నమా?"

"చెవులపిల్లి గదా సార్. పేరులో పిల్లి ఉండాది. పిల్లి పాలన్నం తినదా?"

డాక్టరు నవ్వు ఆపుకున్నాడు. తర్వాత చెప్పాడు. కుందేలు పళ్ళు బతికున్నన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయట. గడ్డి నమిలి, కొమ్మ కొరికి అది అరగదీసుకోవాలట. మెత్తని అన్నం పెడితే అరిగేది ఎట్లా? పాలు దాని కడుపుకు అసలే పడవట. పళ్ళు కత్తిరించి సాపు చేసి, "పది రోజుల్లో తీసుకురండి. కొరకడం అలవాటు కాకుంటే మళ్ళీ ఇట్టే పెరగతాయి. మాటిమాటికీ కత్తిరిస్తే ఇంత చిన్న ప్రాణం తట్టుకోలేదు" అన్నాడు.

నా ప్రశ్నలు అక్కడ మొదలయ్యాయి. తాటాకు ఇవ్వచ్చా? ఇవ్వచ్చు, రంగు వేసింది మాత్రం వద్దు. పిల్లల ప్లాస్టిక్ బొమ్మ? వద్దు, ముక్క మింగితే పేగుకు అడ్డం పడుతుంది. వార్నీషు పూసిన చెక్క? జిగురుతో అతికించిన పలక? రెండూ వద్దు. గన్నేరు కొమ్మ?

"అమ్మా, గన్నేరు విషం! దాని దగ్గరికే రానీయొద్దు. ఎండుగడ్డి రోజంతా ముందర ఉండాల. జామకొమ్మ మంచిది, మందు కొట్టని చెట్టుది చూసుకోండి."

వరదయ్య ముందుకు వంగి, "మా గరిటెల కొయ్య, నర్ది, అది ఇయ్యొచ్చా సార్?" అన్నాడు.

"నాకు తెలీదు పెద్దాయనా. తెలియని కొయ్య పెట్టొద్దు."

నలభై ఏళ్ళు నర్ది చెక్కిన మనిషి తల వంచుకున్నాడు.

మరునాడే మా పెరటి జామచెట్టు నుంచి నాలుగు కొమ్మలు కోసిచ్చాను. గోడకు ఆనించిన బాడిశ మళ్ళీ చేతికొచ్చింది. ఆయన బెరడంతా ఒలిచి, పొట్టి పొట్టి గరిటెలు, గిలకలు, ఒక చిన్న చేప చెక్కాడు. ఒక్కొక్కదాన్నీ ఆకురాయితో రుద్దాడు. పెదవికి ఆనించి చూసుకున్నాడు. తేనెలో ముంచి తీసినట్టు నున్నగా వచ్చాయి. కుందేలుకిచ్చే కొయ్యకు నూనె కూడా ముట్టించలేదు.

మన్నా వాసన చూసి పక్కకు తిరిగింది. ఒకసారి చేపను పట్టబోతే పన్ను జారింది. అంతే, మళ్ళీ దాని జోలికి పోలేదు. ఎండుగడ్డి నాలుగు పరకలు నమిలి వదిలేసేది. ఆరు రోజులు పోయాయి. వరదయ్య పొద్దుటే లేచి దాని పెదవి ఎత్తి చూడటం, మళ్ళీ చేపను రుద్దడం. నున్నదనం చాలలేదనుకున్నాడు పాపం.

ఏడో రోజు మధ్యాహ్నం వీధంతా కునుకులో ఉంది. పంచలో సన్నగా గరగరమని చప్పుడు. వరదయ్య ఆకురాయే అనుకున్నాను. చూస్తే ఆకురాయి నేల మీద ఉంది, ఆయన గోడకు చేరబడి నిద్రపోతున్నాడు. చప్పుడు మంచం కిందిది. వంగి చూశాను. రెబెకమ్మ చిమ్మి మూలకు నెట్టిన జామ బెరడు పేళ్ళు, పనికిరావని పారేసిన కొమ్మ మొదళ్ళు. వాటి మధ్య మన్నా, కళ్ళు సగం మూసుకుని కొరుకుతోంది.

రెబెకమ్మను సైగ చేసి పిలిచాను. ఆమె చూసి, మొగుడి భుజం తట్టింది.

"లెయ్ ఏమయ్యో. నువ్వు మనిషి పెదవికి చెక్కినావు. దాని పంటికి చెక్కలా."

వరదయ్య మోకాళ్ళ మీద కూర్చుని మంచం కింద చెవి పెట్టాడు. చాలాసేపు లేవలేదు. వింటూ వింటూ ఆయన దవడలు కూడా మెల్లగా కదలడం నేను చూశాను.

"ఎంత బాగా రుద్దతా ఉండాదో చూడక్కా" అన్నాడు.

పదో రోజు ఆత్మకూరులో డాక్టరు దాని నోరు చూసి, కత్తెర తియ్యకుండానే బుట్ట మూసి, చెయ్యి ఊపి పంపేశాడు.

ఆ తర్వాత వరదయ్య జామకొమ్మను బెరడుతోనే ఎండబెట్టి, అక్కడక్కడా బాడిశతో గాటు పెట్టి ఇచ్చేవాడు. పన్ను నిలవడానికట. ఆకురాయి మళ్ళీ గరిటెల మీద ఆడింది. మన్నా కొరికి వదిలేసిన పుల్లలను మాత్రం పారెయ్యనిచ్చేవాడు కాదు. నున్నటి గరిటెల పక్కనే గోడకు వరసగా కట్టాడు. గరిటెలు కొనవచ్చినవాళ్ళు ఆ పుల్లల మీది గీతలు చూసి, ఇవెవరు చెక్కినారని అడిగేవాళ్ళు.

"నా కాడ పని నేర్చుకుంటా ఉండాడు లే ఒకడు" అనేవాడు వరదయ్య. "గరుకు పని వాడిది. నున్న పని నాది."