మంచుపెట్టెలో ఆగిన ఊపిరి

ఓడరేవు పక్కన మా గార్డెన్ రీచ్ తెలుగువాడలో ఎవరికి దయ్యం పట్టిందన్నా, ముందు జ్వరం చూడండి అనేదాన్ని. ఇప్పటికీ అదే అంటాను. అన్నయ్య విషయంలో మాత్రం ఏమనాలో తెలియదు.

అన్నయ్య ఓడలకు వెల్డింగు చేసేవాడు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి, మార్చడం తప్ప దారి లేదన్నారు. ఆసుపత్రిలోనే ఎదురుచూశాం. పోయిన వర్షాకాలంలో ఒక మధ్యాహ్నం కబురు చెప్పారు. వేరే రాష్ట్రంలో చనిపోయిన ఒకరి ఊపిరితిత్తులు విమానంలో వస్తున్నాయి.

మంచుపెట్టెలో అవి కొన్ని గంటలే నిలుస్తాయట. వెచ్చగా, గాలి ఆడిస్తూ ఇంకా ఎక్కువసేపు కాపాడే, బండిలో వెంట పంపగలిగే మిషను ఆ ఆసుపత్రిలోనే ఉంది. దాని ప్రారంభోత్సవం ఫొటో లిఫ్టు పక్కన వేలాడుతోంది. నడపడానికి మనిషిని మాత్రం పెట్టలేదు.

బయట వాన దంచుతోంది. అప్పటికి కొన్నాళ్లుగా అన్నయ్య రెండు మాటలు కలిపి అనలేకపోతున్నాడు. మాస్కుతో పడుకున్నవాడు ఉన్నట్టుండి కళ్లు తెరిచి, ఆయాసమన్నదే లేకుండా అన్నాడు.

“సెల్లీ, ఆ పిల్లకి సలేస్తందట. బండి నీలల్లో ఆగిపోనాది. ఆ మూత తియ్యమని ఎవులికైనా సెప్పు.”

“ఏ పిల్ల? ఏటంతన్నావు అన్నియ్యా?”

మళ్లీ ఆయాసం. మందు ఎక్కిస్తున్న బెంగాలీ నర్సు బిత్తరపోయి, “దిదీ, ఈయనేనా మాట్లాడింది?” అంది. ఆమెకు తెలుగు రాదు. ఆ గొంతులోని నిండు ఊపిరిని మాత్రం విన్నది.

కాసేపటికి డాక్టరు వచ్చాడు. అంబులెన్సు విమానాశ్రయం దారిలో వాననీళ్లలో ఇరుక్కుపోయిందట. ఆలస్యమైపోయింది, ఇక అవి పనికిరావన్నాడు.

“మరి ఆ మిషను?”

“నడిపేవాళ్లు లేరు, దిదీ.”

“ఎందుకు తెచ్చారు మరి? ఫొటో కోసమా?” వార్డంతా వినేలా అరిచాను. అతను తలదించుకుని వెళ్లిపోయాడు.

ఊపిరితిత్తులు ఒక అమ్మాయివని ఆ తర్వాత ఒక ఉద్యోగిని నోరుజారింది. అంతవరకు మాకెవరికీ తెలియదు.

వానలు తగ్గకముందే అన్నయ్య పోయాడు. ఆ మాటలు మందుల మత్తు అన్నారు. మత్తులో ఉన్న మనిషికి రోడ్డు మీద ఆగిన బండి ఎలా తెలుస్తుంది? అన్ని మాటలకు సరిపడా ఊపిరి ఎక్కడినుంచి వచ్చింది? నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

నన్ను తినేస్తున్నది అది కాదు. ఆ పిల్ల తల్లి ఎక్కడో, తన బిడ్డ ఊపిరి ఇంకా ఒకరి గుండెల్లో ఆడుతోందనుకుంటూ ఉంటుంది. ఆమెకు ఎవరైనా నిజం చెప్పారా అని ఆసుపత్రిలో అడిగాను.

అది మా పని కాదన్నారు.