తన్నుడు బండి మీద నా ఎడమ కాలు

ఆ పొద్దున రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్నాను. జ్వరం ముందు రోజే తగ్గింది. నూలు అయిపోతే తెచ్చుకుందామని లేచాను. ఎడమ కాలు నాతో లేవలేదు. కింద పడ్డాను. నొప్పి లేదు. అందుకే భయం వేసింది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. హైదరాబాద్ స్టేట్ ఇంకా ఉన్న రోజులు. మాది జమ్మికుంట, నేత ఇల్లు.

"జరంతోని గుంజుకపోయింది. జర పండుకోనియ్యి," అని బాపుతో అంది అవ్వ. మా దిక్కు అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం.

మర్నాటికీ కాలు కదలకపోతే బాపు నన్ను భుజాన వేసుకుని వరంగల్ రైలెక్కాడు. పెద్దాసుపత్రిలో నడుములో సూది గుచ్చి నీళ్లు తీశారు. దాన్ని లంబార్ పంక్చర్ అన్నారు. మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టి, "రిఫ్లెక్స్ లేదు. పోలియో," అన్నారు. వేడి తువ్వాళ్లు చుట్టారు, కాలు వంకర పోకుండా స్ప్లింట్ చెక్క కట్టారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు బాపుతో అన్న మాట నాకిప్పటికీ గుర్తుంది.

"కాలిపర్, అంటే కాలికి ఇనుప కట్టు, వేస్తే నడుస్తది. కాని ముందుగాల తొడల బలం రావాలె. లేకుంటే ఆ ఇనుము బరువు గుడ మొయ్యలేదు. ఎక్సర్‌సైజ్ బంద్ పెట్టొద్దు."

చాప మీద పడుకుని కాలు ఈడ్చడమే ఎక్సర్‌సైజ్. నేను ఏడ్చేదాన్ని. అవ్వ జాలిపడి మానిపించేది. తొడ సన్నబడుతూ వచ్చింది.

బాపు కొన్నాళ్లు చూశాడు. తర్వాత పత్తి జిన్నింగు మిల్లులో పక్కన పడేసిన బేరింగులు మూడు, చక్రాలకని, అడిగి తెచ్చాడు. వడ్రంగం చేసే వడ్ల రాజయ్య మామ దగ్గర కూర్చుని బండి చేయించాడు. ముందు ఒక చక్రం, వెనక రెండు, కూర్చోను పలక, పట్టుకోను కర్ర. తొక్కడానికి ఏమీ లేదు. నేలను కాళ్లతో తన్నితే పోవాలి. పేరు కూడా అదే పడింది, తన్నుడు బండి.

వాడకట్టంతా చూడవచ్చింది. కూర్చున్నాను. కుడి కాలితో తన్నాను. బండి వెనక్కి పోయి గోడకు కొట్టుకుంది!

"గిదేం బండి మామా, నేతోళ్ల బండి ఎనుకకు నడుస్తదా?" అని పక్కింటి వదిన రాజయ్య మామను చూసి పకపకా నవ్వింది.

"నన్నంటవేంది? మీ నేత మామనే కొలతలిచ్చిండు, నేను కోసిన," అన్నాడు రాజయ్య మామ.

బాపు నవ్వలేదు. బండి చుట్టూ తిరిగి చూసి, తన కాళ్లు చూసుకున్నాడు. గుంట మగ్గం మీద కూర్చునే మనిషికి కాళ్లు ఎప్పుడూ ముందుకే చాపి ఉంటాయి. తొక్కడం తప్ప ఇంకో పని వాటికి లేదు. బాపు ఆ కూర్చునే తీరుకే కొలతలిచ్చాడు.

"మగ్గం తీరుగ చేయించిన్నే," అన్నాడు. "పలక సన్నగ కొయ్యి రాజన్నా. కాలు కడుపు కిందికి రావాలె, ఎనుకకు తన్నాలె."

పలక కోశారు. మళ్లీ కూర్చున్నాను. తన్నాను. బండి ముందుకు పోయింది! బేరింగులు గరగరమంటుంటే రాజయ్య మామ ఇంటి దాకా పోయాను. జ్వరం వచ్చిన తర్వాత నేను నా అంతట పోయిన మొదటి చోటు అది. తిరిగి రమ్మంటే రాలేదు.

ఎడమ కాలు మొదట ఊరికే వెంట వచ్చేది. తర్వాత వేళ్లు నేలను గీకాయి. ఒకనాడు మడమ ఆనింది. "అవ్వా, ఆనింది!" అని అరిచాను. అవ్వ చేతిలో గంటెతోనే బయటికి ఉరికొచ్చింది.

అక్కడే దెబ్బతిన్నాం. వాడకట్టు పిల్లలకు బండి మీద మోజు పుట్టింది. వెనక నుంచి తోసేవాళ్లు. అవ్వ కూడా, "అలిసిపోయినవు బిడ్డా," అంటూ తోసేది. బండి గాలిలా పోయేది. నా రెండు కాళ్లూ పైనే ఉండేవి. ఆ తర్వాత వరంగల్ పోయినప్పుడు బాపు బండి సంగతి చెప్పాడు. డాక్టరు టేపుతో తొడ కొలిచి బాపు వైపు చూశాడు.

"తగ్గింది. బండి ఎవరు తోస్తున్నరు?"

బాపు ఇంటికి రాగానే వాకిట్లో నిలబడి, "నా బిడ్డ బండి మీద ఎవ్వలన్న చెయ్యేసిండ్రంటే మంచిగుండది," అన్నాడు. అవ్వకూ అదే మాట. ఆనాటి నుంచి సాయంత్రం మగ్గం దిగి నా వెనకే నడిచేవాడు, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని. ఇసుకలో చక్రం దిగి నేను ఏడ్చినా ఆ చేతులు విడిపోలేదు.

"తన్ను బిడ్డా. నేనీడనే ఉన్న."

మరుసటి ఏడు కాలిపర్ వేశారు. మోశాను. నడిచాను.

అది జరిగి ముప్పై ఏళ్లయింది. ఇప్పుడు హుజూరాబాద్‌లో గ్రంథాలయంలో పని చేస్తున్నాను. కాలిపర్ ఉంది, కర్ర ఉంది, మెట్లు నెమ్మదిగా ఎక్కుతాను. బాపు ఈ ఎండాకాలం పోయాడు. దాని గురించి ఎక్కువ రాయను.

బండి ఈ మధ్య మా వీధిలో పోలియో వచ్చిన ఒక చిన్నపిల్లకు ఇచ్చాను. నిన్న చూస్తే వాళ్లమ్మ వంగి తోస్తోంది. ఇలాంటి బిడ్డలున్నవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే, ఆమెకు చెప్పిందే: అరికాలు పూర్తిగా నేలకు ఆనేంత ఎత్తులో పలక పెట్టించండి, తర్వాత మీ చేతులు మీరు వెనక్కి కట్టుకోండి.

ఆమె కట్టుకుంది. పిల్ల కాసేపు అలిగింది. తర్వాత తన్నింది.