పిడికిలి దెబ్బకో పేరు

నిన్న మా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఒక అమ్మాయి స్టీలు డబ్బా మూత తీసింది. అంతే, చెబుతున్న పాఠం నా నోట్లోనే ఆగిపోయింది. రాత్రంతా నానిన కరక్కాయ పొడి వాసన! వగరుగా, కాస్త పులిసినట్టుగా, ముక్కులోంచి సూటిగా గొంతులోకి దిగే వాసన. సహజ రంగుల మీద ప్రాజెక్టు చేస్తున్న పిల్లలు గుడ్లవల్లేరు బజారులో కరక్కాయలు కొని, దంచి, నానబెట్టుకొచ్చారు. సగం మంది ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం డబ్బా లాక్కుని ముఖం అందులో పెట్టినంత పని చేశాను. "మేడమ్, బాగానే ఉన్నారా?" అని భయంభయంగా అడిగింది డబ్బా తెచ్చిన అమ్మాయి. బాగానే ఉండటమా! నా ఒళ్లంతా పులకరించిపోతుంటే! నాకు దేవుడి వాసన అంటే ఇదేనని ఆ పిల్లకేం తెలుసు? ఈ మాట విని మా చర్చి సంఘంలో వాళ్లు నవ్వుతారో, కోప్పడతారో గానీ ఉన్న మాట చెబుతున్నాను. ఆ వాసన నాకు పరిచయం చేసిన మనిషి పేరు సుందరమ్మ. ఆవిడని ఎరగని వాళ్ల కోసమే ఇదంతా రాస్తున్నాను.

మాది బందరు పక్కన పెడన. నాన్న స్కూలు మాస్టారు, పైగా మా చర్చిలో సంఘ పెద్ద. ఆయన ప్రార్థన మొదలుపెట్టారంటే పొయ్యి మీద పెట్టిన అన్నం ఉడికి దిగాల్సిందే. మా వాళ్లలో ప్రార్థన అంటే నోటితో, పైకి, అందరూ వినేలా చేసేది. ఎవరింట్లో ప్రార్థన కూడిక జరిగినా "అమ్మా, నువ్వో చిన్న ప్రార్థన చెయ్యి" అని ఎవరో ఒకరు అనక మానరు. ఆ "చిన్న" అన్న మాట చెవిన పడితే నాకు అరచేతులు చెమటలు పట్టేవి. నా పన్నెండో ఏట మా ఇంట్లోనే కూడిక జరిగింది. నన్ను చెయ్యమన్నారు. "ప్రభువా" అన్నాను. తర్వాత ఏమీ రాలేదు. మళ్లీ "ప్రభువా" అన్నాను. మూడోసారి నోరు తెరవబోతుంటే వంటింట్లో కుక్కరు విజిల్ వేసింది. అయిపోయిందనుకుని వెనక కూర్చున్న ఇద్దరు తాతయ్యలు "ఆమెన్" అనేశారు! ఇప్పుడు తలుచుకుంటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వొస్తుంది గానీ, ఆ రోజు దొడ్లోకి పరిగెత్తి వెక్కి వెక్కి ఏడ్చాను. నాన్న తిట్టలేదు. "మాస్టారి కూతురివి, నీకు మాటలు కరువేంటమ్మా?" అన్నారు అంతే. ఆ మాట ముల్లులా దిగబడింది. అందరి మాటా వినే దేవుడికి నేనంటేనే ఇష్టం లేదేమో, అందుకే నా నోరు కట్టేశాడేమో అని నాకు గట్టిగా అనిపించడం మొదలైంది.

పదహారేళ్లు వచ్చేసరికి ఆ అనుమానం కాస్తా నిర్ధారణ అయిపోయింది. మా చర్చిలో బాప్తిస్మం తీసుకోవాలంటే ముందు సంఘం ఎదుట నిలబడి సాక్ష్యం చెప్పాలి. దేవుడు మన జీవితంలో ఏం చేశాడో మన నోటితో చెప్పాలి. నేను నిలబడ్డాను. నిలబడే ఉన్నాను. పైన ఫ్యాను చప్పుడు తప్ప చర్చిలో ఏమీ వినబడలేదు. మేం అయ్యగారు అని పిలిచే పాస్టరు గారు నెమ్మదిగానే అన్నారు, "వచ్చే ఏడాది చూద్దాంలేమ్మా, తొందరేముంది?" అని. ఆ తర్వాతి ఆదివారం నా ఈడు పిల్లలంతా తెల్లబట్టలు కట్టుకుని కాలువలోకి దిగుతుంటే, నేను గట్టు మీద వాళ్ల తువ్వాళ్లు పట్టుకుని నిలబడ్డాను.

సుందరమ్మత్తది మా పక్కిల్లే. ఇంటి వెనక రేకుల షెడ్డులో కలంకారీ అద్దకం పని చేసేది. భర్త చాలా ఏళ్ల క్రితమే పోయాడు. ఒక్కగానొక్క కూతుర్ని దివిసీమలో, అవనిగడ్డలో ఇచ్చింది. చర్చికి వస్తే ఆఖరి బెంచీలో కూర్చుని, ఆశీర్వాదం అవ్వగానే వెళ్లిపోయేది. కూడికల్లో ఆవిడని ఎవరూ ప్రార్థన చెయ్యమనేవారు కాదు. "సుందరమ్మకి పని తప్ప ప్రార్థన పట్టదు" అనేవాళ్లు. ఒకరోజు అమ్మ ఇచ్చిన గోంగూర పచ్చడి గిన్నె పట్టుకుని షెడ్డులోకి వెళ్లాను. పొడుగాటి బల్ల మీద గుడ్డ పరిచి ఉంది. ఆవిడ టేకు అచ్చుని రంగులో అద్ది, గుడ్డ మీద పెట్టి, పైన పిడికిలితో దబ్‌మని ఒక్కటి వేస్తోంది. వేసిన ప్రతిసారీ పెదాలు కదులుతున్నాయి.

"ఏంటత్తా గొణుక్కుంటున్నావు?"

"పేర్లే."

"ఎవరివి?"

"ఒక్కో దెబ్బకి ఒకళ్లది. ఇదిగో, ఇది మా అమ్మాయి." దబ్‌. "ఇది దాని అత్తగారు. ఆవిడకి ఒకటి చాలదు." దబ్‌, దబ్‌. "ఇది మీ నాన్న. ప్రార్థన చేసీ చేసీ గొంతు రాసుకుపోతోంది పాపం ఆయనకి." దబ్‌. నా వైపు చూడకుండానే ఇంకోటి వేసి, "ఇది ఎస్తేరు" అంది.

ఎస్తేరు అంటే నేనే. నాకోసం కళ్లు మూసుకుని, గొంతు పెంచి ప్రార్థన చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ దెబ్బ మాత్రం బల్లలోంచి నేల మీదకి, నేల మీదనుంచి నా కాళ్లలోకి వచ్చింది. "ఇది ప్రార్థనేనా అత్తా?" అని అడిగాను. ఆవిడ అచ్చు పక్కన పెట్టి, నడుం పట్టుకుని నవ్వింది. "నాకేం తెలుసే? ఆయనకి తెలియాలి. అయినా మాటలన్నీ ఆయన ఇచ్చినవేగా, మళ్లీ ఆయనకే అప్పజెప్తే ఏం గొప్ప? నీకు చేతులిచ్చాడు, ముక్కిచ్చాడు, నాలుకిచ్చాడు. అవేమన్నా అలంకారానికా?"

ఇక ఆ రోజునుంచి నేను ఆ షెడ్డు వదిలితే ఒట్టు! స్కూలు అవ్వగానే సంచి గడపలో పడేసి అక్కడికే పరిగెత్తేదాన్ని. అత్త కరక్కాయ నీళ్లలో ముంచిన గుడ్డని ఎండలో ఆరేసి, చెంపకి ఆనించుకుని ఆరిందో లేదో చెప్పమనేది. పటిక నీళ్ల చిక్కదనం తెలుసుకోవడానికి ఒక చుక్క నా నాలుక మీద వేసేది. నాలుక ముడుచుకుపోయి నేను మొహం చిట్లిస్తే, "ఆ, అలా చిట్లిస్తే సరిపోయినట్టు" అనేది. అన్నిటికన్నా నాకు పిచ్చెక్కించింది ఆ పటికే. ఎరుపు రావాల్సిన చోటల్లా ముందు పటికతో అద్దుతారు. గుడ్డని ఉతికేసరికి అద్దిన జాడ కంటికి ఆనదు. ఆ గుడ్డని రాగి కాగులో, మంజిష్ఠ వేరుతో మరుగుతున్న నీళ్లలో వేసి తిప్పితే, అబ్బ! ఏమీ లేనిచోట పువ్వులు, ఆకులు, చిలకలు ఎర్రగా పైకి తేలతాయి. మొదటిసారి చూసినప్పుడు ఎంత గట్టిగా అరిచానంటే, ఏమైందోనని అమ్మ గరిటెతో సహా గోడ దగ్గరకి వచ్చేసింది. "ఉందిగా అక్కడే! నీకు కనబడకపోతే లేనట్టా?" అంది సుందరమ్మత్త, కాగులో కర్ర తిప్పుతూ.

మళ్లీ సాక్ష్యాల ఆదివారం దగ్గరపడింది. ఈసారి అది ఎండల్లో వచ్చింది. అప్పుడు తట్టింది నాకో ఆలోచన. చర్చిలో రొట్టె, ద్రాక్షారసం పెట్టే ప్రభువు బల్లకి ఒక గుడ్డ అద్ది ఇస్తాను! నా నోరు చెప్పలేనిది అదే చెబుతుంది! అత్తకి చెబితే ఎగిరి గంతేసినంత పని చేసింది. అంచు చుట్టూ ద్రాక్ష తీగ, మధ్యలో వరి కంకులు అనుకున్నాం. ఆవిడే కరక్కాయ పట్టించి ఇచ్చింది. ఇంతలో అవనిగడ్డలో కూతురు ప్రసవించిందని కబురొస్తే, ఆవిడ ఉన్నపళంగా బయల్దేరింది. బస్సెక్కుతూ కూడా, "పటిక అద్దాక పారే నీళ్లలోనే ఉతకాలి. మర్చిపోకు" అని అరిచింది.

మర్చిపోలేదు. నేను అద్దడం పూర్తిచేసేసరికి ఎండాకాలమని కాలువ కట్టేశారు. పెడనలో అద్దకం తెలిసిన ఎవరైనా కాలువ కట్టేలోగా ఉతుకులు ముగించుకుంటారు. నాకు ఆ లెక్కే తోచలేదు. ఆదివారం ఇంకా నాలుగు రోజులే ఉంది. నీళ్లు నీళ్లేగా అనుకుని సిమెంటు తొట్టిలో నింపి, గుడ్డ ముంచి, బాగా పిసికి ఉతికేశాను. ఎంత సంబరంగా ఉతికానో! పారే నీళ్లయితే గుడ్డలో మిగిలిన పటికని ఎత్తుకుపోతాయి. తొట్టిలో అది ఎక్కడికి పోతుంది? విడిపోయిన పటిక అదే గుడ్డ నిండా మళ్లీ పట్టింది. ఆ సంగతి కంటికి కనబడదు కాబట్టి, మహా ధీమాగా కాగులో వేశాను. బయటికి తీసేసరికి తెల్లగా ఉండాల్సిన చోటంతా ఎర్రని మరకలు. తీగ ఎక్కడ మొదలైందో, కంకి ఎక్కడ ఆగిందో తెలియడం లేదు. నేల మీద కూలబడిపోయాను. దేవుడు నాకు మాట ఎలాగూ రానివ్వలేదు, చివరికి చేతిపని కూడా రానివ్వలేదు అనుకున్నాను.

శనివారం పొద్దున సుందరమ్మత్త తిరిగొచ్చింది. గుడ్డని ఎండలోకి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పింది. తిడుతుందనుకున్నాను. "తొట్టిలో ఉతికావు కదే?" అంది. తలూపాను. "నేనూ పెళ్లైన కొత్తలో ఇదే చేశాను. మా అత్తగారు ఆ గుడ్డతోనే నన్ను కొట్టింది" అని పకపకా నవ్వింది. తర్వాత గుడ్డని ముక్కుకి ఆనించుకుని, మడత పెట్టి నా చేతిలో పెట్టింది. "ఇదే పట్టుకెళ్లు."

"పాడైపోయింది కదత్తా! ఎలా ఇస్తాను?"

"పాడైందని నువ్వంటున్నావు. పటిక ఎక్కడెక్కడ ఉందో చూపించిందది. రేపు నుంచో. మిగతాది నాకొదిలెయ్."

ఆదివారం నా పేరు పిలిచారు. నాన్న ముందు వరసలో తల వంచుకుని కూర్చున్నారు. గుడ్డ గుండెలకి హత్తుకుని లేచి నిలబడ్డాను. మళ్లీ అదే ఫ్యాను చప్పుడు. అయ్యగారు దగ్గి, ఏదో అనబోయారు. అప్పుడు ఆఖరి బెంచీ మీద దబ్‌మని ఒక్క పిడికిలి దెబ్బ. అందరూ ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. సుందరమ్మత్త పైకప్పు వైపు చూస్తూ అమాయకంగా కూర్చుంది. ఆ దెబ్బ ఎవరి పేరో నాకు మాత్రమే తెలుసు! నవ్వొచ్చింది. నవ్వుతో పాటు నోరూ తెరుచుకుంది.

"దీన్ని పారే నీళ్లలో ఉతకాలండి" అన్నాను గుడ్డ విప్పి చూపిస్తూ. "నేను తొట్టిలో ఉతికానండి. అందుకని ఇలా అయ్యింది." ఎవరో కిసుక్కుమన్నారు. నేను ఆగలేదు. కరక్కాయ గురించి చెప్పాను, నాలుక మీద పటిక చుక్క గురించి చెప్పాను, దెబ్బకో పేరు గురించి చెప్పాను. "పటిక కంటికి కనబడదండి. లేదనుకున్నాను. ఇదిగో, నేను అద్దని చోట కూడా ఉంది చూడండి. పోయిన ఏడాది గట్టు మీద తువ్వాళ్లు పట్టుకుని నిలబడ్డప్పుడు, దేవుడు నా దగ్గర లేడనుకున్నానండి. ఉన్నాడండి. నాకు కనబడలేదంతే." ఇంకేం చెప్పాలో తెలియక, "అయిపోయిందండి" అన్నాను. ఈసారి ఆమెన్ అనడానికి కుక్కరు అవసరం రాలేదు. నాన్న లేచి వచ్చి, నా చేతుల్లోంచి గుడ్డ తీసుకుని, తానే ప్రభువు బల్ల మీద పరిచారు. అంచులు సరిచేశారు. ఇంటికి వెళ్లాక, చెప్పులు విడుస్తూ, "ఆ కరక్కాయ నీళ్లేవో ఓసారి నాకూ వాసన చూపించమ్మా" అన్నారు.

జూన్‌లో కాలువ వదిలాక నా బాప్తిస్మం జరిగింది. గోధుమరంగు కొత్త నీళ్లు ఒరుసుకుంటూ పారుతున్నాయి. నడుం లోతులో అయ్యగారి పక్కన నిలబడి గట్టు మీదకి చూస్తే, నా తువ్వాలు పట్టుకుని సుందరమ్మత్త. "అయ్యగారూ! దీన్నైనా కాస్త పారే నీళ్లలో ఉతకండి!" అని కేకేసింది. గట్టు గట్టంతా నవ్వింది. నేను ఆ నవ్వులోనే మునిగి లేచాను.

ఆవిడ పోయి మూడేళ్లు. ఆ గుడ్డని మా చర్చిలో ఇప్పటికీ పండగలకి పరుస్తారు. ఎరుపు కాస్త వెలిసింది, మరకలు మాత్రం అలాగే ఉన్నాయి. పైకి ప్రార్థన చెయ్యమంటే ఈనాటికీ నాకు రెండు వాక్యాలకి మించి రాదు. అయితే రోజూ పొద్దున చపాతీ పిండి పిసుకుతూ, ఒక్కో గుద్దుకీ ఒక్కో పేరు అనుకుంటాను. పిండి మెత్తబడేసరికి మా వీధి వీధంతా అయిపోతుంది.

నిన్న ల్యాబ్‌లో పిల్లలు గుడ్డకి కరక్కాయ పట్టించి, పటిక కలిపి, "మేడమ్, అద్దాక ఎన్ని బకెట్ల నీళ్లతో ఉతకాలి?" అని అడిగారు. "బకెట్లు అవతల పెట్టండి! ఆరాక కాలువకి వెళ్తున్నాం" అన్నాను. "పర్మిషనో మేడమ్?" అన్నారు. "నేను అడుగుతాలే" అన్నాను. ఆ డబ్బా తెచ్చిన అమ్మాయి అచ్చుని పటికలో అద్ది గుడ్డ మీద పెట్టి, గట్టిగా కొట్టాలో మెల్లగా కొట్టాలో తెలియక నా వైపు చూసింది. పక్కకి జరగమని, పిడికిలి బిగించాను. సుందరమ్మత్త పేరు అనుకుని, దబ్‌మని ఒక్కటి వేశాను. గాజు సామానంతా గలగలలాడింది. "ఇప్పుడు నువ్వు" అన్నాను ఆ పిల్లతో. "ముందు ఎవరి పేరో అనుకో."