దవాఖానకు కాదు, సింహాల కాడికి

2010లో నేను కోరుట్లలో రాజేశం అనే గీత కార్మికుడికి కేర్‌టేకర్‌గా ఉండేదాన్ని. మంచాన పడ్డ మనిషిని కడగడం, తినిపించడం, పక్కకు తిప్పడం ఈ పని. మాది సిరిసిల్ల. బీడీలు చుట్టడం మానేసి జగిత్యాలలో ఒక నర్సింగ్ హోంలో ఆయాగా చేరి ఇదంతా నేర్చుకున్నాను. అప్పటికి నాకు చదువు రాదు, మందులను రంగు చూసి గుర్తుపట్టేదాన్ని. అక్షరాలు చాలా తరువాత, యాభైకి దగ్గరపడ్డాక వచ్చాయి.

చెట్టెక్కే తాడు, మోకు, జారి తాటిచెట్టు మీద నుంచి పడ్డప్పటి నుంచి రాజేశానికి నడుము కింద స్పర్శ లేదు. అలాంటి వాళ్లు కదలకుండా కూర్చుంటే ఒత్తిడికి చర్మం చచ్చి పుండు పడుతుంది. దాన్ని బెడ్‌సోర్ అంటారు. ఆయన పిర్ర మీది పుండు నెలల తరబడి కట్లు కట్టాక అప్పుడప్పుడే మానింది.

ఆ చలికాలం కొడుకు సీను తన బిడ్డ మానసకు హైదరాబాదు జూలో సింహాల సఫారి చూపిస్తానన్నాడు. తండ్రిని నా దగ్గర వదిలి వెళ్దామని అతని ఆలోచన. మానస తాత మంచం మీద కూర్చుని, "బండ్లకెళ్లి ఎవ్వలు దిగద్దట తాతా, అందరు కూసునే చూడాలెనట" అని చెప్పింది.

రాజేశం సీనును పిలిచాడు. "అందరు కూసునే చూసుడైతే నేనెందుకు రావద్దురా?"

"అంత దూరం కూసుంటే పుండు మళ్ల లేస్తది బాపూ."

"లక్ష్మి చెప్పాలె గామాట. ఏమంటవు చెల్లె?" అని రాజేశం నా వైపు తిరిగాడు.

డాక్టరును అడిగి ఉంటే వద్దనేవాడే. నేను ఆ మనిషి ముఖం చూశాను. "తోలుకపోదాం. నేను చూసుకుంట" అన్నాను.

డ్రైవరుతో సహా కిరాయి కారు మాట్లాడుకుని పొద్దున్నే అందరం బయలుదేరాం. సిద్దిపేటకు ఇవతల రాస్తారోకో. రోడ్డు నిండా జనం కూర్చుని జై తెలంగాణ అంటున్నారు. ఒక యువకుడు మా కారు దగ్గరికి వచ్చి ఎటు పోతున్నారని అడిగాడు.

సీను వెంటనే, "మా బాపుకు నడుములు పడిపోయినయి అన్నా. దవాఖానకు పోతున్నం, జర తొవ్వ ఇయ్యుండ్రి" అన్నాడు.

"పేషెంటు బండి, వదలుండ్రి!" అని ఆ యువకుడు కేకేశాడు. జనం లేచి పక్కకు జరుగుతున్నారు. వెనక సీటులోంచి రాజేశం గొంతు లేచింది.

"ఏయ్, ఆగుండ్రి! దవాఖాన లేదు గివాఖాన లేదు. నేను సింహాలను చూడ పోతున్న."

"ఊకో బాపూ!"

"ఎందుకు ఊకోవాలె? నన్ను అడ్డం పెట్టుకొని దొంగమాటలు చెప్తవా? నడుం పోయింది గని నోరు పోలేదు."

యువకుడు పగలబడి నవ్వాడు. "గట్లయితే దిగు తాతా. కొద్దిసేపు మాతోని కూసో, తర్వాత సింహాల కాడికి పో."

"దింపు చెల్లె" అన్నాడు రాజేశం నాతో.

సీను నా మీద విరుచుకుపడ్డాడు. "నీకు గూడ పిచ్చి లేసిందా అక్కా? పుండు లేస్తే ఎవలు జిమ్మెదారు?"

"నేనే" అన్నాను.

ఒక చోటి నుంచి మరో చోటికి రోగిని మార్చడాన్ని ట్రాన్స్‌ఫర్ అంటాం. తారు మీద మెత్తటి దిండు వేసి, డ్రైవరు వెనక పట్టుకోగా, ఆయన మోకాళ్లను నా మోకాళ్లతో ఆపి మెల్లగా దించాను. వీపును కారు టైరుకు ఆనించాను. ఒత్తిడి తగలకుండా మధ్యమధ్య చంకల కింద చేతులు వేసి పైకెత్తాలి. నేను ఎత్తినప్పుడల్లా ముసలాయన లేస్తున్నాడనుకుని జనం మరింత గట్టిగా జై కొట్టారు. ఆయన పిడికిలి ఎత్తి జవాబిచ్చాడు. సీను కాసేపు కారులో మొహం ముడుచుకుని కూర్చుని, చివరికి దిగి తండ్రి పక్కన చేరాడు.

మేం జూకు చేరేసరికి పొద్దు వాలుతోంది, ఆఖరి సఫారి వ్యాను దొరికింది. ఆయనను సీను, డ్రైవరు ఎత్తుకుని ఎక్కించి కిటికీ పక్కన కూర్చోబెట్టారు. సింహం నీడలో పడుకుని ఉంది. వ్యానులో వాళ్లంతా "లే! లే!" అని చప్పట్లు కొడుతున్నారు.

"లెవ్వుమననీకి మీరెవలు?" అని రాజేశం కసిరాడు. "నన్ను గూడ గిట్లనే సతాయిస్తరు, జర లేవ చూడు, జర లేవ చూడు అని. పండనీయుండ్రి దాన్ని."

చప్పట్లు కొట్టేవాళ్లు చేతులు దించారు. సింహాన్ని ఆయన రెప్ప వేయకుండా చూశాడు.

ఇంటికి వచ్చి చూస్తే పిర్ర మీద చర్మం ఎర్రబడి ఉంది. వారం దాకా ఆ వైపు ఒత్తిడి పడనివ్వలేదు. పుండు లేవకుండా తగ్గింది. లేచి ఉంటే మాట నాకే వచ్చేది, పడేదాన్ని.

అంతకుముందు చర్మం కాపాడటమే నా పని అనుకునేదాన్ని. చర్మం లోపలి మనిషికి ఎటైనా పోవాలని ఉంటుందని రాజేశం దగ్గర తెలిసింది. ఇప్పుడు కొత్త ఇంట్లో చేరితే మందుల సంగతి ఇంటివాళ్లను అడుగుతాను. ఎటు పోవాలని ఉందో మాత్రం మంచంలోని మనిషినే అడుగుతాను. ఇంటివాళ్లలో కొందరికి అది నచ్చదు, ఒకరిద్దరు పనిలోంచి తీసేశారు కూడా. అయినా అడుగుతాను.