నా కన్ను మోగించిన సైరన్

మొన్న ఏమైందో ఇనుర్రి! నా ఒక్క కన్నుకు మా ఫ్యాక్టరీ మొత్తం బయటికొచ్చి ఎండల నిలవడ్డది.

జిన్నారం దిక్కు మందుల ఫ్యాక్టరీల నేను షిఫ్ట్ ఇన్‌చార్జిని. డ్యూటీకెక్కిన కాసేపటికే మీటర్ మీద అంకెలు అలుక్కపోయినట్టు కొడుతున్నయ్. కన్ను నలుపుకున్న. ఇంకింత మసక! లైటు దిక్కు చూస్తే సూదులు గుచ్చినట్టైంది.

పక్కకున్న ఆపరేటర్ నర్సింలు నా మొఖం చూసి ఎనక్కి జరిగిండు.

"అన్నా, నీ కన్నేంది గట్లున్నది? ఒకటి చిన్నగ, ఒకటి పెద్దగ!"

ఉరికి అద్దంల చూసుకున్న. ఎడమ కంటిపాప మిరియం గింజంత. కుడిది కన్నంత నిండిపోయింది! ఏదో కెమికల్ లీకైంది, నా ఒంట్లెకు పోయింది... ఇగ అయిపోయింది నా పని! నర్సింలు అప్పటికే సైరన్ కొట్టిండు. మెషిన్లు బంద్. అందరు బయటికి ఉరుకుడే. నన్ను అంబులెన్స్‌ల ఏసిర్రు.

దారిలకెల్లి మా ఆమె సుజాతకు ఫోన్ చేసిన.

"ఏమైందయ్యా, గొంతు గట్లున్నదేంది?"

"ఏం లే, ఊకనే చేసిన." పెట్టేసిన. కన్ను పోతే నా బిడ్డ మొఖం ఎట్ల చూడాలె?

పటాన్‌చెరు దవాఖానల డాక్టరమ్మ టార్చ్ కొట్టింది.

"తలకు దెబ్బ తాకిందా?"

"లే మేడం."

"ఏ కెమికల్ పట్టుకున్నవ్?"

"గ్లౌజ్ లేకుంట ఏదీ ముట్ట మేడం!"

స్కానింగ్ రాయబోయి ఆగింది. "ఇంట్ల ఎవరికన్న కంట్ల మందు ఏస్తున్నరా?"



"మా బిడ్డకు మేడం. అద్దాల చెకప్‌కు ముందు పెట్టమని మలాం ఇచ్చిర్రు. పొద్దుగాల నేనే పెట్టిన."

"చెయ్యి కడుక్కున్నవా?"

"లే... డ్యూటీకొచ్చెటప్పుడు ముత్తంగి కాడ కంట్ల దుమ్ము వడితే అదే ఏలుతోని కన్ను నలుపుకున్న."

డాక్టరమ్మ పకపక నవ్వింది. "కంటి మీది కణాలకు నూనెతోని చేసినట్టు పల్చటి పొర ఉంటది. అన్నిటిని లోపలికి రానియ్యది. ఈ మందును మాత్రం ఆపది. బయట ఎక్కువుంది, లోపల లేదు. అందుకే ఎక్కువున్న తావుకెల్లి లేని తావుకు మెల్లగ పోయింది. కంటిపాపను పెద్దగ చేసుడే దాని పని. కొద్దిరోజులల్ల తగ్గుతది. అప్పటిదాంక నల్లద్దాలు పెట్టుకో."

పానం లేచొచ్చింది. కని ఫ్యాక్టరీకి సంగతి ఫోన్ల చెప్పనీకి నోరు రాలే. దవాఖాన ముంగట నల్లద్దాలు కొన్న. దొరికినయ్ గవే, బంగారు రంగు కాడలయ్!

ఫ్యాక్టరీ కాడ బండి దిగేసరికి అందరు చెమటలు కక్కుకుంట ఎండల్నే ఉన్నరు. నన్ను చూసి చప్పట్లు కొట్టిర్రు! మేనేజర్ సార్ ఉరికొచ్చి భుజం పట్టుకున్నడు.

"బతికొచ్చినవ్ మల్లేశ్! లీకేజీ ఎక్కడ?"

"మా ఇంట్ల సార్."

గా మాట నోట్లెకెల్లి ఎల్లేదాంక నేను హీరోనే!